నాలుగింటి బస్సు

ఇవాళ తొమ్మిదో తారీఖు. ప్రతి నెలా గర్భిణుల పరీక్షలకు కేటాయించిన రోజు. పీహెచ్‌సీ వరండాలో జనం కిటకిట. మీరు స్టాఫ్ నర్సు. ఎదురుగా ఆరో నెల గర్భిణి. పక్కనే అత్త, ఒళ్లో టిఫిన్ డబ్బా. నాలుగింటికి బస్సు. అప్పుడే మూడు దాటింది.

వేలికి పోటు. ఒక నెత్తుటి చుక్క, దానిమీద మందు చుక్కలు. ఒక్క కార్డులోనే హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ తేలిపోతాయి. ఇరవై నిమిషాలు చాలు.

కంట్రోల్ గీత వచ్చింది. హెచ్‌ఐవీ దగ్గర ఏమీ లేదు. సిఫిలిస్ దగ్గర? కార్డును కిటికీ వెలుతురులో పెట్టి చూడండి. పలచగా ఒక గీత. పలచనైనా గీత గీతే.

ఆమెకు పుండు లేదు, నొప్పి లేదు. "ఏమైనా బాధ ఉందా?" అని అడిగి ఊరుకుంటే ఇంటికి వెళ్లిపోయేదే. పెద్దవాళ్లు సవాయి అనే ఈ జబ్బు అలాగే దాక్కుంటుంది. బిడ్డ మాత్రం కడుపులోనే పోవచ్చు.

"పెద్దమ్మా, బరువు చూడాలి, కాస్త బయట కూర్చోండి." బరువు పొద్దున్నే చూశారు. ఫర్వాలేదు, ఈ అబద్ధం అవసరమే.

తలుపు వేసి, ఉన్నమాట చెప్పేస్తారు. ఆమె గొంతు వణుకుతుంది. "మా ఆయనకు మీరే చెప్పండి మేడం."

జిల్లా ఆసుపత్రికి చీటీ రాసిస్తే మీ పని అయిపోతుంది. కానీ ఆమె వెళ్తుందా? పాత జబ్బు నయమైనా ఈ గీత వస్తుంది, నిజమే. అందుకే ఆర్‌పీఆర్ అనే మరో పరీక్షకు రక్తం తీయండి. దాని ఫలితం కోసం పెన్సిలిన్ సూది ఆపకండి. డాక్టరు సరేనన్నారు.

టెస్ట్ డోసు వేసి ఆగుతారు. బస్సు హారన్ వినిపించి, దూరమైపోతుంది.

బెంజథైన్ పెన్సిలిన్ పొడి నీళ్లలో కలిపితే చిక్కటి పాలలా ఉంటుంది. మెల్లగా నొక్కకపోతే సూదిలో అడ్డుపడుతుంది. 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకూ చెరిసగం.

ఆమె ముఖం పాలిపోయింది. చెమట. కళ్లు మూతపడుతున్నాయి. మందు వికటించిందా?

డాక్టర్‌ను కేకేయండి. ఎడమ పక్కకు తిప్పండి. అడ్రినలిన్ చేతికందాలి.

దద్దుర్లు? లేవు. ఆయాసం? లేదు. నాడి? నెమ్మదిగా ఉంది.

సూది భయమే. కళ్లు తెరిచింది.

అరగంట కదలనివ్వకండి. ఈలోగా బయట బండి ఆగిన చప్పుడు. బస్సు తప్పిందని అత్త ఫోన్ చేస్తే భర్తే వచ్చాడు. లోపలికి పిలవండి. అతనికీ మందు ఇవ్వకపోతే ఆమెకు మళ్లీ అంటుకోవచ్చు.