వేరుశనగ బూజు విషం: దాని వెనుక ఉన్న జన్యువులు

అఫ్లాటాక్సిన్ ఒక బూజు విషం. ఆస్పర్జిల్లస్ ఫ్లావస్, దాని దగ్గరి చుట్టం ఆస్పర్జిల్లస్ పారాసిటికస్ దీన్ని తయారుచేస్తాయి. నేలలోనే కాపురముండే ఈ బూజు వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే వేళ లోపలికి చేరుతుంది. పంట చివరి మూడు నుంచి ఆరు వారాల్లో వాన మొహం చాటేసి నేల వేడెక్కితే దానికి పండగే. అనంతపురం లాంటి మెట్ట ప్రాంతాల్లో ఆ పరిస్థితి తరచూ వస్తుంది. బూజు పట్టిన కాయను ఒలిస్తే పప్పు మీద, రెండు బద్దల మధ్య, పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. అలాంటి గింజను విత్తితే మొలక కుళ్లుతుంది, లేదా పక్కవేళ్లు పుట్టక గిడసబారిపోతుంది. పైకి ఏమీ కనిపించని గింజలోనూ విషం ఉండవచ్చు. రైతును, తినేవాళ్లను నిజంగా దెబ్బతీసేది ఇదే.

విషం ఉనికి బయటపడింది 1960లో, ఇంగ్లండులో. లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోయాయి. కారణం అంతుపట్టక దానికి టర్కీ ఎక్స్ జబ్బు అని పేరుపెట్టారు. చివరికి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క దోషి అని తేలింది. బూజు పేరులోని ముక్కలకు టాక్సిన్ చేర్చి అఫ్లాటాక్సిన్ అన్నారు. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసేవి బి రకాలు, ఆకుపచ్చగా మెరిసేవి జి రకాలు. వీటిలో బి1 అత్యంత ప్రమాదకరం, కాలేయ క్యాన్సర్‌కు కారణం. మనుషుల ప్రాణాలను నేరుగా తీయగలదని 1974లో మనదేశమే చూసింది. రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. కారణాన్ని తేల్చినవారు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు.

బూజు ఈ విషాన్ని ఎలా వండుతుందన్న ప్రశ్నకు తొలి ఆధారం ఒక రంగు. విషం రంగులేని పదార్థాల నుంచి పుట్టి, మధ్యలో రంగుగల మజిలీలు దాటుతుంది. 1971లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ శాస్త్రవేత్తలు పారాసిటికస్‌లో ఒక లోపమున్న రకాన్ని వర్ణించారు. అది గాజుపళ్లెంలో ఇటుక ఎరుపు రంగులో పెరిగింది. ఒక అడుగు దగ్గర పని నిలిచిపోవడంతో నార్సొలోరినిక్ ఆమ్లం అనే ఎర్రటి పదార్థం దానిలో పేరుకుపోయింది. ఇరవయ్యేళ్ల తర్వాత మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఆ ఎర్ర బూజులోకి మామూలు బూజు డీఎన్ఏ ముక్కలను ఒక్కొక్కటిగా ఎక్కించి చూశారు. ఒక ముక్క చేరగానే ఎరుపు విరిగి, విషం మళ్లీ పుట్టింది. అలా 1992లో దొరికిన జన్యువుకు నార్-1 అని పేరు. విషం తయారీలోని మరో జన్యువు వెర్-1 కూడా ఆ ఏడాదే దొరికింది.

తర్వాత వచ్చినదే అన్నిటికన్నా విశేషం. విషం తయారీకి కావలసిన జన్యువులు చెల్లాచెదురుగా లేవు. దాదాపు 70 వేల అక్షరాల డీఎన్ఏ మీద పాతిక వరకు జన్యువులు ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి, ఒకే వీధిలోని కులవృత్తి ఇళ్లలా. వాటన్నిటినీ లేపే మీట కూడా అదే వీధిలో ఉంది, దాని పేరు ఏఎఫ్ఎల్ఆర్. అది చేసే ప్రోటీన్ మిగతా జన్యువుల మొదట్లో ఉన్న ఒక గుర్తును పట్టుకుని వాటిని పనిలోకి దింపుతుంది. దానికి పైన మరో పెత్తందారు ఉన్నట్టు 2004లో ఇంకో ఆస్పర్జిల్లస్‌లో తెలిసింది. లేఏ అనే ఆ జన్యువు లేకపోతే వీధి మొత్తం మూగబోతుంది.

ఇలాంటి జన్యువుల వరస వేరే బూజుల్లోనూ ఉందా? ఆస్పర్జిల్లస్ నిడులాన్స్‌లో ఇలాంటి గుత్తే ఉంది, కానీ అక్కడ పని అఫ్లాటాక్సిన్‌కు ముందరి మజిలీ అయిన స్టెరిగ్మాటోసిస్టిన్ దగ్గరే ఆగుతుంది. పైన్ చెట్ల ఆకులను చంపే డోథిస్ట్రోమాలో ఇవే పోలిక జన్యువులు ఒక క్రోమోజోము పొడవునా విడివిడిగా చెదిరి ఉన్నాయి. అంటే కులం ఒకటే, కాపురాలు వేరు. పొడోస్పొరా అనే బూజులో ఈ స్టెరిగ్మాటోసిస్టిన్ గుత్తి వంశపారంపర్యంగా కాక, ఆస్పర్జిల్లస్ నుంచి నేరుగా దూకి వచ్చినట్టు 2011లో తేలింది.

వరస ఉన్నంత మాత్రాన విషం పుట్టదు. జపాన్‌లో సోయా సాస్, సాకే తయారీకి తరతరాలుగా వాడే ఆస్పర్జిల్లస్ ఒరైజే ఫ్లావస్‌కు పెంపుడు రూపం. దానిలో ఈ జన్యువుల పోలికలున్నా అవి నిద్రలో ఉంటాయి. అమెరికాలో దొరికిన ఏఎఫ్36 రకంలో తొలి అడుగు వేసే జన్యువులో ఒకే అక్షరం మారి, పని మొదట్లోనే ఆగిపోయింది. అరిజోనా పత్తి చేలలో దాన్ని అంటించిన గింజలను చల్లుతారు. అది ముందుగా పెరిగి విషపు రకాల చోటును ఆక్రమిస్తుంది. నైజీరియాలోనూ స్థానిక రకాలతో ఇదే పద్ధతి నడుస్తోంది.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ మరో దారి పట్టింది. బూజులోని రెండు విషపు జన్యువుల నోరు నొక్కే సందేశాన్ని వేరుశనగ మొక్కలోనే తయారయ్యేలా చేశారు. గింజను తినబోయిన బూజుకు ఆ సందేశం చేరుతుంది. బూజు సోకించి చూసినప్పుడు ఆ గింజల్లో విషం బాగా తగ్గిందని 2017లో ప్రకటించారు. పొలాల్లో మాత్రం ఆ విత్తనం ఇంకా సాగులోకి రాలేదు.