గొడుగురాయి పుట్టుపూర్వోత్తరాలు

సన్నటి కాండం మీద వెడల్పాటి తల మోస్తూ నిలబడ్డ బండను ఇంగ్లిషులో మష్రూమ్ రాక్ అంటారు. తెలుగులో ఈ పోలిక చుట్టూ తిరిగి మొదటికే వస్తుంది. పుట్టల మీద గొడుగులా మొలిచేది కనక అది పుట్టగొడుగు. దాన్ని పోలిన బండను గొడుగురాయి అంటే సరిపోతుంది. పుట్టగొడుగు వానపడిన రాత్రికి రాత్రే లేస్తుంది. గొడుగురాయికి మాత్రం వేల, లక్షల ఏళ్లు కావాలి.

ఇలాంటి రాళ్లను గాలి చెక్కుతుందని బడి పుస్తకాలు చెబుతాయి. ఎడారుల వరకు అందులో నిజముంది. గాలి ఇసుకను మోసుకుపోయేది ఎక్కువగా నేలకు మీటరు లోపే కాబట్టి బండ మొదలు అరిగి, తల మిగులుతుంది. ఈజిప్టులో ఫరాఫ్రా దగ్గరి తెల్ల ఎడారిలో సుద్దరాళ్లు అలా తయారైనవే. అమెరికాలోని కాన్సస్‌లో కథ వేరు. అక్కడి ఇసుకరాయిలో కొన్నిచోట్ల సున్నం చేరి రేణువులను గట్టిగా అతికించింది. అతుకు పడ్డ భాగం తలగా నిలిచింది, కింది మెత్తని రాయి అరిగిపోయింది.

హైదరాబాద్‌లో ఎడారీ లేదు, ఇసుక తుపానులూ లేవు. అయినా గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ పక్కన మష్రూమ్ రాక్ ఉంది. దాని రహస్యం నేల కింద దొరుకుతుంది. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దానిలోని బీటల గుండా వాననీరు దిగి, ఫెల్డ్‌స్పార్‌ను బంకమట్టిగా మార్చేస్తుంది. పలుగు రేణువులు మాత్రం అలాగే మిగులుతాయి. రోడ్డు పనులకు లారీల్లో తోలే మొరం ఇలా కుళ్లిన గ్రానైటే. మూలలకు రెండు మూడు వైపుల నుంచి తడి తగులుతుంది కనక అవి ముందు అరిగి, బండ గుండ్రబడుతుంది, ఉల్లిపాయలా పొరలు వదులుతుంది. తర్వాత మట్టి కొట్టుకుపోతే బండ బయటపడుతుంది. తల ఎండకు త్వరగా ఆరుతుంది, నేలకు ఆనుకున్న మొదలు తడిగానే ఉండి తొందరగా అరుగుతుంది. అలా కుళ్లిన చోట గోటితో గీరితే గరుకు రేణువులు రాలి చేతిలో పడతాయి. మెడ పుట్టేది ఇక్కడే.

కెమెరాకు ఈ రాళ్లంటే మొదట్నుంచీ మక్కువే. 1851లో వచ్చిన తడి ప్లేటు పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరకముందే ఫొటో తీసి కడగాలి. అందుకని చీకటి డేరా వెంట మోసుకెళ్లాలి. అంత తంటాలు పడేవాడికి కదలని బండకన్నా మంచి మోడల్ ఏముంటుంది? విలియం హెన్రీ జాక్సన్ 1870లలో కొలరాడోలోని మాన్యుమెంట్ పార్కులో, ఇనుము పట్టిన గట్టి టోపీల కింద నిలిచిన ఇసుకరాతి స్తంభాలను అలాగే తీశాడు.

తైవాన్‌లోని యెహ్లియూలో కెమెరా ఒక రాతికి ప్రపంచమంతా పేరు తెచ్చింది. 1960ల తొలినాళ్లలో ఒక గొడుగురాయి తల ముక్క ఊడిపడితే, మిగిలినది ఒక పక్క నుంచి కొప్పు పెట్టుకున్న రాణి ముఖంలా కనబడింది. ఆ పక్క నిలబడి ఫొటో తీయడానికి జనం వరస కడతారు. అదే రాతిని ఇంకోవైపు నుంచి చూస్తే రాణి జాడ ఉండదు. మెడ ఏటేటా సన్నబడుతోంది.

గొడుగురాయి ఫొటోకు మెడే ప్రాణం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తల నీడలో మెడ మునిగిపోతుంది. పొద్దున, సాయంత్రం ఏటవాలు వెలుగులో రాతి గరుకు, పొరల అంచు తేలతాయి. కెమెరాను కిందికి దించి ఆకాశం ఎదురుగా పెడితే ఆకారం విడిగా నిలుస్తుంది. పక్కన మనిషో మేకో లేకపోతే బండ ఎంతుందో తెలియదు. అడవి పుట్టగొడుగుల ఫొటోకూ ఇవే కిటుకులు, కాకపోతే అక్కడ బోర్లా పడుకోవాల్సి వస్తుంది.

హైదరాబాద్ రాళ్లను కాపాడడానికి కళాకారులు, ఫొటోగ్రాఫర్లు, పర్యావరణ ప్రేమికులు కలిసి 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం పెట్టారు. రాళ్లను కాపాడాలంటే ముందు జనానికి చూపించాలి. ఆ పని ఫొటోలు చేసినంతగా చట్టాలు చేయలేదు. 2025లో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిని చదును చేయడంపై లేచిన గొడవలో ఆ మష్రూమ్ రాక్ పేరూ వినిపించింది. అక్కడి పనులన్నీ ఆపమని ఆ ఏడాది ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశించింది.