పార్టీ గోత్రము - ఓటరు జ్ఞాపకము

మనవారు సంబంధము కుదుర్చుకొనునపుడు పిల్లవాని చదువుకంటె ముందు ఇంటిపేరు విచారింతురు. ఓటు వేయునపుడును ఇంచుమించు ఇదే వరస. అభ్యర్థి ఏమి చేయునో వినకముందే అతని పార్టీ ఎక్కడ పుట్టినదో మనస్సు లెక్కకట్టును. కారిమంగళములో ఇంట తెలుగు, వీధిలో తమిళము మాట్లాడు మనవారిలో ద్రావిడ పార్టీల మాట వచ్చినపుడు "అవి తమిళము కోసము పుట్టినవి, మనకెందుకు?" అను పెద్దలు కలరు. "మనబోటివారికి చదువులు, ఉద్యోగములు తెచ్చినవి" అను చిన్నవారును కలరు. ఇద్దరు చెప్పునదీ పుట్టుక కథయే. చెరొక కొసనుండి మొదలుపెట్టుదురు, అంతే.

ఆ కథ మొదలు మనము మరచినంత దూరమైనది కాదు. 1916 నవంబరులో మద్రాసున పిట్టి త్యాగరాయ చెట్టి, డాక్టరు టి. ఎం. నాయరు, డాక్టరు నటేశ మొదలియారు మొదలైనవారు బ్రాహ్మణేతరుల సంఘమునకు పునాది వేసిరి. చెట్టిగారు తెలుగువారు, నాయరు మలయాళి, మొదలియారు తమిళుడు. వారి పక్షమున మూడు పత్రికలు నడిచెను: ఇంగ్లీషున 'జస్టిస్', తమిళమున 'ద్రావిడన్', తెలుగున 'ఆంధ్రప్రకాశిక'. ఇంగ్లీషు పత్రిక పేరే జనుల నోట పార్టీ పేరయ్యెను. 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరింపగా జస్టిస్ పార్టీ మద్రాసు రాష్ట్రమున అధికారమునకు వచ్చెను. 1921 నుండి 1926 వరకు ముఖ్యమంత్రి పానగల్ రాజా రామరాయణింగారు. తరువాతి కాలమున మునుస్వామి నాయుడు, బొబ్బిలి రాజా ఆ పదవి నిర్వహించిరి. పెండ్లి చీరలకని మనవారు చెన్నపట్టణము టి. నగరుకు పోవుదురు గదా. ఆ 'టి' త్యాగరాయ చెట్టిగారిదనియు, అక్కడి పానగల్ పార్కు ఈ రాజాగారి పేరిటిదనియు ఎందరు తలతురు?

ఇంతమంది తెలుగువారు నడిపిన పార్టీకి ఆంధ్రదేశమున మిగిలిన పేరు ఒక్కటే: జమీందారుల పార్టీ. ఈ పేరు ఊరక రాలేదు. 1921లో పురపాలక సంఘము వలదని చీరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఇండ్లు విడిచి ఊరి వెలుపల పాకలలో నెలల తరబడి ఉండిరి. అప్పుడు రాష్ట్రమున మంత్రి పదవులలో ఉన్నది జస్టిస్ పార్టీవారే. 1937లో బొబ్బిలి రాజాను సొంత బొబ్బిలిలోనే వి. వి. గిరి ఓడించెను. ఆ సంవత్సరము కాంగ్రెసుకు శాసనసభలో 215 స్థానములకు 159 దక్కినవి. 1921లో అన్ని వర్గములకు ఉద్యోగములలో వాటా కల్పింప జారీయైన కమ్యూనల్ జి. ఓ. గాని, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకై చేసిన చట్టము గాని ఆ మచ్చను కడుగజాలలేదు. విశ్వవిద్యాలయమనగానే సి. ఆర్. రెడ్డిగారు జ్ఞప్తికి వత్తురు. చట్టము చేసిన మంత్రివర్గము రాదు.

తమిళసీమలో కథ వేరుదారి పట్టినది. 1937లో ముఖ్యమంత్రియైన రాజాజీ మన హోసూరు ప్రాంతపు తొరపల్లిలో పుట్టినవారు. 1938లో వారు బడులలో హిందీని నిర్బంధము చేసిరి. దానినెదిరించి జైలుకు పోయిన ఇ. వి. రామస్వామిని ఆ సంవత్సరాంతముననే జస్టిస్ పార్టీ అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. 1944 ఆగస్టులో సేలము మహాసభలో అణ్ణాదురై తీర్మానము వచ్చెను: సర్కారిచ్చిన రావు బహదూరు వంటి బిరుదులు వదలవలెను, పార్టీ పేరు ద్రావిడ కళగము కావలెను. బిరుదులు ప్రాణమైన కొందరు పెద్దలు తొలగిపోయిరి. నాడు కారిమంగళమును సేలము జిల్లాలోనిదే. ధర్మపురి జిల్లా 1965లో గదా ఏర్పడినది. రాజాల పార్టీ రాజాలను దులుపుకొన్నది మన జిల్లా ముఖ్యపట్టణముననే. 1949లో దానినుండి ద్రావిడ మున్నేట్ర కళగము చీలి, 1967లో రాజ్యమునకు వచ్చెను. కమ్యూనల్ జి. ఓ. ను, హిందీ ఎదిరింపును తన వంశచరిత్రగా చెప్పుకొన్నది. జమీందారులను చెప్పుకొనలేదు. వారితోపాటు 'ఆంధ్రప్రకాశిక'యు మరుగుపడినది.

ఒకే వేరు ఒకచోట మచ్చ, ఇంకొకచోట గర్వకారణము. రెండు సీమల నడుమనున్న మనకు చిక్కంతయు ఇక్కడనే. 2006లో ద్రావిడ మున్నేట్ర కళగ ప్రభుత్వము ఒకటవ తరగతినుండి క్రమముగా తమిళమును తప్పనిసరి చేయు చట్టము తెచ్చినపుడు, "చూచితిరా పుట్టుక బుద్ధి!" అన్న పెద్దల మాట మేము కొట్టివేయజాలము. తెలుగు మాధ్యమపు పిల్లలకు అది నిజమైన బరువు. అయితే బడిలో భాషను నిర్బంధించు ఆలోచన ఒక్క పార్టీ సొత్తు కాదు. 1938లో హిందీని పెట్టినది కాంగ్రెసు మంత్రివర్గము. తరువాత అధికారమునకు వచ్చిన అన్నా ద్రావిడ మున్నేట్ర కళగమును 2006 చట్టమును రద్దు చేయలేదు. పుట్టుకను చూచి పార్టీని తోసివేసిన ఓటరు ఏ గుమ్మము ముందు నిలుచును?

మాకు తోచినది ఇది. ద్రావిడ పార్టీల గుమ్మమున మనము చుట్టపుచూపుగా వచ్చినవారము కాము. పునాదిరాయి మోసినవారిలో మనవారును కలరు. పిల్లలకు తెలుగు పంతులు కావలెననుట వాటాదారు అడుగుటయే గాని దేబిరించుట కాదు. ఎన్నికలలో ఓటుకని మన వాకిట నిలుచువారితో తెలుగు పుస్తకముల మాట, పంతుళ్ళ మాట ఎత్తునపుడు త్యాగరాయ చెట్టిగారి పేరును, 'ఆంధ్రప్రకాశిక' పేరును కూడ ఎత్తవచ్చును. వారిలో చాలమందికి అది కొత్త సంగతిగనే ఉండును.