మెనూ రాయాల్సింది గ్రంథపాలకుడే

ఒంటిమిట్ట పాఠకుడికి వావిలికొలను సుబ్బారావు ‘మందరం’ కావాలనుకుందాం. కోదండరామాలయాన్ని బాగుచేయించడానికి టెంకాయ చిప్ప పట్టుకుని చందాలు పోగుచేసిన ఆయన, వాసుదాసుగా పేరుపడ్డవాడు, వాల్మీకి రామాయణానికి రాసిన వ్యాఖ్యానం అది. గ్రంథాలయంలో కంప్యూటరు ముందు కూచోగానే పుస్తకానికన్నా ముందు మెనూ ఎదురవుతుంది. ఏ భాషలో వెతకాలో, వేటిలో వెతకాలో అక్కడే తేలిపోతుంది. దాన్ని సాంకేతిక సిబ్బంది పని అనుకుని చాలాకాలంగా వదిలేశాం. పుస్తకాల వర్గీకరణ ఎంత ముఖ్యమో మెనూ అమరిక అంత ముఖ్యమనీ, అది గ్రంథపాలకుడే చేయాలనీ నా వాదన.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగిన నాటి నుంచీ మన గ్రంథాలయ ఉద్యమం పుస్తకాన్ని మామూలు జనం చేతికి చేర్చాలనే పోరాడింది. 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ ప్రకటించిన పంచ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలం ఆదా చేయమంటుంది. ఈ సూత్రం కార్డు కేటలాగుకు వర్తించినట్టే తెరకూ వర్తిస్తుంది. సాధనాలు లేవందామా? 1985 చివర్లో యునెస్కో చిన్న కంప్యూటర్ల కోసం విడుదల చేసిన సీడీఎస్/ఐసిస్‌ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌ను మన దేశంలో నిస్సాట్ సంస్థ గ్రంథాలయాలకు అందించింది. అందులో మెనూలు విడి ఫైళ్ళలో ఉండేవి. ప్రోగ్రాము జోలికి పోకుండానే వాటిని తమ భాషలోకి, తమ అవసరానికి మార్చుకోవచ్చు. డాస్ తెర మీద తెలుగు రాదన్న చిక్కును 1980ల చివర్లో సీడాక్ వారి జిస్ట్ కార్డు తీర్చింది. 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 2000లో న్యూజిలాండ్ గ్రంథాలయం ఒకటి ఉచితంగా విడుదల చేసిన గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ‘కోహా’ అయితే తెరనంతా అనువదించుకోనిస్తుంది. ఇన్ని ఉన్నా తెలుగు మెనూ అరుదుగానే కనబడుతోందంటే, అది మన పని అని ఎవరూ అనుకోకపోవడమే కారణం.

ఆ నిర్లక్ష్యం ఖరీదు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలిసింది. వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు, పేర్లు మాత్రం రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వారు ఎక్కించారు. ‘వావిలికొలను’ను ఆ లిపిలో ఎన్ని రకాలుగానైనా రాయవచ్చు. పాఠకుడు ఒక రకంగా కొడితే మరో రకంగా ఎక్కిన పుస్తకం కనపడదు. ఉన్న పుస్తకం లేనట్టే అయిపోవడం గ్రంథాలయానికి జరగగల అన్యాయాల్లో పెద్దదని నేననుకుంటాను. అన్ని రూపాలనూ ఒకే రచయిత కిందికి చేర్చి, ‘మన జిల్లా రచయితలు’, ‘మన ఊళ్ళ చరిత్ర’ అని మెనూలో తెలుగులో పెడితే ఆ తిప్పలు తప్పుతాయి. కడపలోని బ్రౌన్ కేంద్రం అచ్చువేసిన మెకంజీ కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, ఆ రెండో దాని కింద కనబడాలి.

మెనూ కూడా తాళం వేసిన బీరువాయే కదా, పాఠకుణ్ణి నాలుగు ఎంపికలకు కట్టేస్తుంది కదా అనవచ్చు. ఆ భయం ఉత్తది కాదు. 1990ల్లో అమెరికా గ్రంథాలయాల్లో కంప్యూటరు అమరికలను ఎవరూ చెడగొట్టకుండా మెనూలను అడ్డుపెట్టేవారు. అమరికలకు తాళం వేయడం సబబే. పుస్తకాలకు వేయకూడదు. అందుకే ఏ మెనూలోనైనా ‘అన్నిటిలో వెతుకు’ అన్నది మొదటి వరుసలోనే ఉండాలి. చేతిలో ఫోనుండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు జవాబు పన్నులో ఉంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతున్నాయి. ఇంగ్లీషు చదవలేని గృహస్థుడూ అది కడుతున్నాడు. ఫోను తెరను అమర్చే కంపెనీకి అతని పట్ల ఏ బాధ్యతా లేదు, గ్రంథాలయానికి ఉంది. ఇక శాఖా గ్రంథాలయాల్లో సిబ్బంది తక్కువన్న మాట నిజమే. కానీ మెనూను ఊరూరా కొత్తగా తయారుచేయనక్కర్లేదు. జిల్లా కేంద్ర గ్రంథాలయం ఒకటి సిద్ధం చేసి అన్ని శాఖలకూ పంపవచ్చు. ఒంటిమిట్ట శాఖ చేయాల్సిందల్లా ‘మన ఊళ్ళ చరిత్ర’లో తన ఊరి పుస్తకాలను చేర్చుకోవడమే.