మందు వాసన నీళ్ళు

మా తిరుపతిలో కుళాయి తిప్పగానే ఒక్కోరోజు బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. కల్యాణి డ్యామ్ నీళ్ళైనా, తెలుగుగంగ నీళ్ళైనా క్లోరిన్ కలిపే పంపుతారు. ఆ వాసన పడక చాలా ఇళ్ళలో కుళాయి నీళ్ళు గిన్నెలకూ స్నానాలకూ వాడి, తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ తెప్పించుకుంటారు. సీసా మీద ‘ఓజోనైజ్డ్’ అని ఉంటే నమ్మకం ఇంకాస్త ఎక్కువ. ఈ రెండు మందులకూ పెద్ద చరిత్రే ఉంది.

మన పెద్దవాళ్ళు చిల్లగింజ అరగదీసి బురదనీళ్ళలో కలిపేవారు. మడ్డి అడుక్కి దిగాక, పైన తేరిన నీళ్ళు గుడ్డలో వడగట్టి బిందెలో పోసేవారు. కంటికి కనిపించే మురికి పోయేది. వాంతిభేదిని తెచ్చే క్రిమి మాత్రం కంటికి కనపడదు కదా! 1854లో లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు, ఒక వీధి పంపు నీళ్ళ వల్లే చుట్టుపక్కల కలరా వ్యాపించిందని చూపించాడు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో ఊరి నీళ్ళకు రోజూ క్లోరిన్ కలపడం మొదలైంది. ఇది చౌక. పైగా పైపుల్లో కొంత మిగిలి ఉండి, దారిలో చేరే క్రిములను కూడా చంపుతుంది.

ఓజోన్‌ను 1840 ప్రాంతంలో బాసెల్ నగరంలో షోన్‌బైన్ అనే శాస్త్రవేత్త గుర్తించి పేరు పెట్టాడు. వాసనకు సంబంధించిన గ్రీకు మాట నుంచి వచ్చింది ఆ పేరు. 1906లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరం తాగునీటిని దీనితో శుద్ధి చేయడం మొదలుపెట్టింది. క్రిములను చంపడంలో క్లోరిన్ కన్నా చురుకైనదే. కానీ కాసేపట్లో మామూలు ఆక్సిజన్‌గా మారిపోతుంది. అందుకే మూత బిగించిన సీసాకు సరిపోతుంది, ఊరంతా తిరిగే పైపులకు చాలదు.

1974లో రాటర్‌డామ్‌లో యోహానెస్ రూక్ ఒక విషయం బయటపెట్టాడు. నీళ్ళలో కుళ్ళిన ఆకులూ అలములూ వదిలిన పదార్థాలతో క్లోరిన్ కలిసి క్లోరోఫాం లాంటివి పుడుతున్నాయి. 1979లో అమెరికా వాటికి హద్దు పెట్టింది. మన దేశపు తాగునీటి ప్రమాణంలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు మించి క్లోరోఫాం ఉండకూడదు. అదే ప్రమాణం, కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలనీ చెబుతుంది.

మరి ఓజోన్ సంగతి? నీళ్ళలో బ్రోమైడ్ అనే లవణం ఉంటే, ఓజోన్ దాన్ని బ్రోమేట్‌గా మారుస్తుంది. 2004లో బ్రిటన్‌లో కోకాకోలా తన దసానీ నీళ్ళ సీసాలను వెనక్కి తీసుకున్నది ఈ బ్రోమేట్ హద్దు దాటినందుకే. ఉప్పుశాతం ఎక్కువున్న బోరునీళ్ళలో బ్రోమైడ్ కూడా ఎక్కువ ఉండే అవకాశం ఉంది. కాబట్టి ఓజోన్ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం.

మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు, “అమ్మా, ఈ వాసన నీళ్ళు బిడ్డకు మంచివేనా?” అని అడిగింది. కడుపుతో ఉన్న పిల్ల అడిగితే ‘ఏం కాదులే’ అని దాటేయలేం. ఈ ఉప పదార్థాల ముప్పు, శుద్ధి చేయని నీళ్ళ ముప్పు ముందు చాలా చిన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దానికి ఆ మాటే చెప్పాను. నీళ్ళు కాచి ఇచ్చాను. బాగా తెర్లనిస్తే వాసనతో పాటు క్లోరోఫాం కూడా చాలావరకు ఆవిరైపోతుంది. బ్రోమేట్, మన వైపు బోర్లలో ఉండే ఫ్లోరైడ్ మాత్రం కాచినా పోవు.

వాసన పోయిన నీళ్ళకు క్లోరిన్ కాపలా కూడా పోయినట్టే. కాచినవైనా, క్యాన్‌వైనా మూత పెట్టాలి, చెయ్యి ముంచకూడదు. కాచినవి ఆ రోజుకారోజు తాగేయాలి, తెరిచిన క్యాన్‌ను రోజుల తరబడి ఉంచుకోకూడదు. క్యాన్ నింపే ప్లాంటులో పరీక్షల కాగితం చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.