వెలుతురు కోసిన రేకు

ఓడల నమూనాలు చేయువారిని మొదటినుండియు వేధించినది ఓడ అంచున నుండు కమ్మీ. మీటరెత్తు కమ్మీని 350వ వంతునకు తగ్గించినచో మూడు మిల్లీమీటర్లకంటె తక్కువగును. అంగుళము లావు గల నిలువు కడ్డీ మిల్లీమీటరులో సుమారు పదునాల్గవ వంతు మాత్రమే మిగులును. కరగిన ప్లాస్టిక్కు అంత సన్నని అచ్చులోనికి పారదు. పారినను, అచ్చునుండి తీయునప్పుడే విరుగును. రంపమునకును ఆకురాయికిని లొంగని ఈ పనిని వెలుతురును, లోహమును తిను ద్రవమును కలిసి సాధించినవి. ఆ రెండును కలిసిన చరిత్ర నమూనాల విద్యకు సంబంధము లేకయే మొదలయినది.

ఐరోపాలోని కవచకారులు పదునైదవ శతాబ్దినాటికే ఇనుముపై పూత పూసి, అందు గీతలు గీసి, ఆ గీతలవెంట లోహమును తినిపించి చిత్రములు తీర్చుచుండిరి. ఆగ్స్‌బర్గు నగరమున డానియెల్ హోఫర్ అను కవచ చిత్రకారుడు ఆ విద్యనే ఇనుప పలకలకు మార్చి, కాగితముపై బొమ్మలు ముద్రించెను. ఆయన 1536లో మరణించెను. అప్పటికి గీత గీయునది చేయియే.

చేతికి బదులుగా సూర్యుని నియమించినవాడు ఫ్రాన్సు దేశీయుడగు నీసెఫోర్ నియెప్స్. ఒక విధమైన నేలతారు ఎండ తగిలిన చోట గట్టిపడుననియు, తగులనిచోట లావెండరు నూనెలో కరగిపోవుననియు ఆయన గ్రహించెను. 1826లో కార్డినల్ దాంబ్వాజ్ చిత్రము గల అచ్చు కాగితమును వెలుతురు దూరునట్లు చేసి, తారు పూసిన తగరపు మిశ్రలోహపు పలకపై పరచి, ఎండలో నుంచెను. నల్లని గీతల నీడలో తారు మెత్తగానే యుండి, కడుగగా పోయెను. బయలుపడిన లోహమును ఆమ్లము తినెను. మరుసటి యేడు పారిసులో లెమేత్ర్ అను చెక్కడపు పనివాడు ఆ పలకనుండి ప్రతులు తీసెను. నేటి నమూనాలలోని ఇత్తడి రేకునకు మూలపురుషుడెవ్వరని అడిగినచో మేము నియెప్సునే చెప్పుదుము. లోకము ఆయనను ఛాయాచిత్రమునకు ఆద్యుడని తలచును; వెలుతురుచే ముద్రణఫలకము చేయింపవలెనని ఆయన పడిన ఆరాటమును అంతగా తలవదు. 1833లో కన్నుమూయునప్పటికి ఆయనకు ఈ రెండు కీర్తులలో ఏదియు దక్కలేదు.

పొటాషియం డైక్రోమేటు వెలుతురునకు మారునని 1839లో స్కాట్లండు దేశీయుడు మంగో పాంటన్ చూపెను. ఆంగ్లేయుడగు టాల్బట్ 1852లో దానిని జెలటినుతో కలిపి లోహముపై పూయు పద్ధతికి పేటెంటు పొందెను. 1858 నాటి పేటెంటులో లోహమును తినిపించుటకు ఫెర్రిక్ క్లోరైడును వాడెను. ఇత్తడికి నేటికిని అదియే ప్రధానము. మన తెలుగు పత్రికలలో చాలకాలము బొమ్మలను అచ్చువేసిన జింకు బ్లాకులును ఈ వంశములోనివే. రేడియోకును ఇందు చుట్టరికము గలదు: వియన్నానుండి లండను చేరిన పాల్ ఐస్లర్ 1936 ప్రాంతమున రేడియోలోని తీగలకు బదులు రాగిదారులు గల పలకను రూపొందించెను. శ్రోతలు తమ రేడియో మూత తీసినచో అట్టి పలకయే కనిపించును.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ విద్య నమూనాలకు సంక్రమించినది. రేకునకు రెండు వైపుల పూత పూసి, రెండు వైపులను చిత్రము దింపుదురు. రెండు ప్రక్కలనుండియు ద్రవము సోకినచో రేకు తెగును. ఒక ప్రక్కనే సోకినచో సగము లోతున ఆగి, గాడి పడును. వంపు రావలసిన చోట ఈ గాడినే గీయుదురు.

అయినను వెలుతురు రేకును కోయగలదు గాని వంచలేదు. భాగములన్నియు ఒకే చట్రమునకు సన్నని కాడలతో అంటుకొని, బల్లపరుపుగా వచ్చును. గట్టి గాజుపలకపై నుంచి కాడను కోయవలెను. మెత్తని అట్టపై కోసినచో రేకు వంకర పోవును. తెగిన ముక్క ఎగిరిపోకుండ రెండవచేతి వ్రేలితో అదిమి పట్టవలెను. వంచునప్పుడు గాడి సాధారణముగ లోపలివైపున నుండవలెను. గాడి అంచులు ఒకదానికొకటి తాకి, మూల వాడిగా నిలుచును. ఇనుప బద్దతో ఒక ప్రక్కను నొక్కిపట్టి, రెండవ ప్రక్క క్రింద బ్లేడు దూర్చి ఒకే ఊపున లేపవలెను. తప్పినదని వెనుకకు వంచి, మరల ముందుకు వంచినచో ఇత్తడి బిరుసెక్కి గాడివెంట తెగును. పెట్టెవంటి దానికి ముందు చిన్న చెవులు, పిమ్మట గోడలు. కంసాలి శ్రావణమును పట్టిన నేర్పే ఇచ్చటను కావలెను.

గుండ్రని వంపు వేరు. రబ్బరు ముక్కపై రేకునుంచి, ఉక్కు కడ్డీతో అదిమి దొర్లించినచో అది క్రమముగ చుట్టుకొనును. లొంగనిచో మంటలో మసక ఎరుపు వచ్చువరకు కాల్చి చల్లార్చవలెను. కొందరు చట్రమంతయు కాల్తురు గాని, అది మాకు సమ్మతము కాదు. నిటారుగ నిలువవలసిన కమ్మీ కూడ మెత్తబడి, వ్రేలు తగిలినంతనే వాలిపోవును.

కవచములపై పుట్టిన విద్య నేడు వ్రేలెడు పొడవు యుద్ధశకటములకు రేకులు చేయుచున్నది. చక్రములపై నుండు ఆ పలుచని రేకును పట్టకారుతో కొంచెము నొక్కినచో, నిజమైన శకటపు రేకు గోడకు తగిలి సొట్టపడినట్లే సొట్టపడును. ప్లాస్టిక్కును ఎంత చెక్కినను ఆ సొట్ట రాదు.