పుస్తకముల సరసన పనిబల్ల

అమీరుపేట కూడలిలో నిలిచిన వారికి మొదట కనుపించునవి శిక్షణ సంస్థల ప్రకటనలు. మైత్రీవనము పరిసరములలో గోడ కానరాదు, ప్రకటనయే కానవచ్చును. కంప్యూటరు విద్యకై జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ఇచట హాస్టలు గదులలో తలదాచుకొని, జిరాక్సు ప్రతులు చేతబట్టి తిరుగుచుందురు. ఈ పేటకు ఎవరి బిరుదు మీదుగా పేరు వచ్చినదని చెప్పుదురో, ఆ ప్రభువు చదువును మరియొక విధముగ ఎంచినవాడు.

ఆయన పైగా వంశీయుడగు నవాబు ఫక్రుద్దీన్ ఖాన్. రెండవ నిజాము అల్లుడు. షమ్సుల్ ఉమ్రా, అమీరె కబీర్ అనునవి ఆయన బిరుదములు. జాగీరులు, ఏనుగులు ఆ కాలపు ప్రభువులందరికిని కలవు. వానితో మనకు పని లేదు. ఈయన సొంతముగ రాతి అచ్చుశాలను నెలకొల్పి, ఐరోపా శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి అనువదింపజేసి ప్రకటించెను. వానిలో సిత్తె షమ్సియా యను ఆరు గ్రంథముల సంపుటి పేరెన్నికగన్నది. బరువుల నెత్తు యంత్రములు, ఖగోళము, నీరు, గాలి, వెలుతురు, విద్యుత్తు ఇందలి విషయములు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలయుటకు చాల ముందటి మాట యిది.

రాతి అచ్చు పని చూచినవారికి ఒక సంగతి బోధపడును. లేఖకుడు జిడ్డు సిరాతో వ్రాసిన అక్షరములు రాతి మీదికి దిగవలెను. పిదప రాతిని నీటితో తడిపి సిరా పూయుదురు. జిడ్డున్న చోటనే సిరా అంటును, తడి రాయి దానిని విసర్జించును. అనువాదకుని పాండిత్యము, లేఖకుని హస్తము, రాయి నునుపు చేయువాని కండబలము కలసిననే గ్రంథము. పుస్తకమునకును పనిముట్టునకును నడుమ అచట గోడ లేదు.

అమెరికాలో రీనో నగరమునందలి నెవాడా విశ్వవిద్యాలయపు శాస్త్ర గ్రంథాలయము 2012లో త్రీడీ ప్రింటర్లను తెచ్చి, ఏ శాఖ విద్యార్థియైనను వాడుకొనవచ్చునని ప్రకటించినపుడు, గ్రంథాలయమున యంత్రముల చప్పుడేమి యని మాలో కొందరు నవ్విరి. దుమ్ము, చప్పుడు నిజముగ చిక్కులే; వేరుగ ఒక గది, నేర్పెడు మనిషి ఒకరు కావలసినదే. కాని ప్రయోగశాల తలుపు ఆ శాఖవారికే, వేళాపట్టిక ప్రకారమే తెరచుకొనును. గ్రంథాలయము ఎవరి శాఖనూ అడుగదు. న్యాయశాస్త్రము చదువు అమ్మాయి, యంత్రశాస్త్రము చదువు అబ్బాయి ఒకే బల్ల యొద్ద కలిసికొనుటకు అంతకంటె తగిన చోటు మాకు తోచుట లేదు.

అట్టి కలయిక వలన ఏమగునో పంజాగుట్ట ఎరుగును. అచటి నిమ్స్ మొదట ఎముకల ఆస్పత్రి. అబ్దుల్ కలామ్ హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలలో పనిచేయుచున్న రోజులలో ఈ ఆస్పత్రి ఎముకల వైద్యుడొకరు అచటికి పోయి, క్షిపణికై చేసిన పదార్థమును చేతనెత్తి, దాని తేలికదనమునకు ఆశ్చర్యపడెను. వెంటనే కలామును తన పిల్లల వార్డునకు తీసికొనివచ్చెను. పోలియో సోకిన పిల్లలు 3 కిలోలకు మించిన లోహపు కాలిపర్లతో కాళ్లు ఈడ్చుచుండిరి. మూడు వారములలో 300 గ్రాముల కాలిపర్లు సిద్ధమైనవి. పిల్లలు పరుగెత్తిరి. ఆ వైద్యుడు ఆ దినమున అచటికి పోకున్నచో?

నేడు రాయదుర్గమున 78,000 చదరపు అడుగుల టీ-వర్క్స్ కలదు. 2023 మార్చిలో ప్రారంభమైనది. వస్తువు నమూనా చేసి చూచుటకు కావలసిన యంత్రములు అందున్నవి. సంతోషమే. కాని అమీరుపేట మెట్రో స్టేషనులో నిలిచి చూడుడు. ఒక వైపు రైలు తార్నాకకు, ఉస్మానియా గ్రంథాలయపు దిక్కునకు పోవును. రెండవ వైపు రైలు రాయదుర్గమునకు, యంత్రముల దిక్కునకు పోవును. చేతిలో జిరాక్సు ప్రతులున్న విద్యార్థి ఆ రెండింటి నడుమ ప్లాట్‌ఫారము మీద నిలిచియున్నాడు.